డైవ్ ఆపరేటర్‌ను ఎంచుకోవడం ఎలా? డబ్బు కట్టే ముందు, బోటెక్కే ముందు చూడాల్సినవి

డైవింగ్ కోసం సెలవు పెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే. "ఆ దీవిలో పదిహేను డైవ్ సెంటర్లు ఉన్నాయి, ఎవరి దగ్గర దిగాలి?" వెబ్‌సైట్లు తెరిచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అదే తాబేలు, అవే నీలం నీళ్లు, అందరికీ నాలుగున్నర పైనే రేటింగు. ప్రాణానికి సంబంధించిన సంగతులు మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించవు. సిలిండర్‌లోని గాలిని కంప్రెసర్ ఎక్కడి నుంచి పీల్చింది? బోటులో ఆక్సిజన్ ఉందా, ఉంటే ఎన్ని నిమిషాలకు వస్తుంది? మీరు పైకి తేలే వేళకు బోటులో ఎవరైనా నీళ్లకేసి చూస్తూ ఉంటారా?

ఇవి ఆరితేరిన డైవర్లకే తెలుస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మొదటిసారి దిగేవాళ్లు కూడా ఒక పూట సమయం పెట్టి, మొహమాటం పక్కనపెడితే ఇవన్నీ తెలుసుకోవచ్చు.

ఒక గుర్తు ముందే చెప్పేస్తాం. మీరు అడగకముందే మిమ్మల్ని ప్రశ్నలు అడిగే సెంటర్ మంచిది. ఆఖరిసారి ఎప్పుడు దిగారు, మొత్తం ఎన్ని డైవ్‌లు చేశారు, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, తిరుగు విమానం ఎప్పుడు? ఈ నాలుగూ అడగకుండా డబ్బు ఎలా కడతారని మాత్రమే అడిగే సెంటర్‌ను అక్కడితో వదిలేయండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ డైవింగ్ కార్డు (శిక్షణ పూర్తయ్యాక శిక్షణ సంస్థ ఇచ్చేది), లాగ్‌బుక్ (చేసిన డైవ్‌ల వివరాలు రాసుకునే పుస్తకం). ఫోన్‌లో ఉన్నా సరే, ఇంటర్నెట్ లేనప్పుడు కూడా తెరుచుకునేలా దాచుకోండి.
- నింపిన ఆరోగ్య ప్రశ్నావళి. అవసరమైతే దానిమీద డాక్టర్ సంతకం.
- స్కూబా డైవింగ్‌కు వర్తించే బీమా. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, వర్తించినా లోతుకు పరిమితి ఉంటుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి సంస్థలు డైవర్ల కోసమే బీమా ఏర్పాటు చేస్తాయి. ఏది తీసుకున్నా ఎమర్జెన్సీ నంబర్‌ను ఫోన్‌లోనూ, కాగితం మీదా రాసుకోండి.
- సొంత మాస్క్, వీలైతే సొంత డైవ్ కంప్యూటర్ (నీటిలో లోతు, సమయం లెక్కగట్టి చూపే పరికరం). ఒక విజిల్, ఒక ఎస్ఎంబీ. ఎస్ఎంబీ అంటే నీటిపైన నిలబడి మీరెక్కడున్నారో చూపే పొడవాటి నారింజ రంగు గొట్టం.
- చిన్న టార్చి, తెల్ల కర్చీఫ్. ఇవెందుకో ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.
- మొదటి డైవ్‌కు ముందు ఒక ఖాళీ పూట. విమానం దిగిన రోజే డైవ్ పెట్టుకుంటే దేన్నీ పరీక్షించలేరు, అలసట అదనం.

1. ముందు మీ స్థాయి రాసుకోండి

ఎంత లోతు వరకు దిగవచ్చో కార్డే చెబుతుంది. ప్యాడీ అనే శిక్షణ సంస్థ లెక్కలో కార్డు లేకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో దిగే పరిచయ డైవ్‌కు 12 మీటర్లు, ఓపెన్ వాటర్ అనే మొదటి కార్డుకు 18, దాని పైదైన అడ్వాన్స్‌డ్‌కు 30. సరదా డైవింగ్‌కు ఆఖరి గీత 40 మీటర్లు. మిగతా శిక్షణ సంస్థల లెక్కలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఆఖరి డైవ్ చేసి ఆరు నెలలు దాటితే, "మొదటి రోజు తక్కువ లోతులో రిఫ్రెషర్ కావాలి" అని కూడా రాసుకోండి. ఏడాది దాటినవాళ్లు దాన్ని తప్పనిసరి అనుకోండి.

2. చోటు, కాలం, అక్కడి నియమం

ఉష్ణమండల సముద్రం ఏడాదంతా ఒక్కలా ఉండదు. థాయిలాండ్‌లో సిమిలాన్ దీవుల పార్కును మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఇండోనేసియాలో కొమోడో దగ్గర ప్రవాహాలు చాలా బలంగా ఉంటాయి, కొత్తవాళ్లకు అక్కడ అన్ని సైట్లూ సరిపడవు. మాల్దీవుల్లో సరదా డైవింగ్‌కు 30 మీటర్లు మించకూడదని నిబంధనే ఉంది. అలాంటి చోట "మేం మిమ్మల్ని నలభైకి తీసుకెళతాం" అని ఊరించే ఆపరేటర్ మిగతా నియమాలను ఎంత పట్టించుకుంటాడో మీరే ఆలోచించండి. వెళ్లే చోటికి సీజన్ ఏది, లోతు పరిమితి ఎంత, పర్మిట్ కావాలా అన్న మూడూ ముందే తెలుసుకుంటే, మొదటి సంభాషణలోనే ఎదుటివాళ్లు నిజం చెబుతున్నారో లేదో తేలిపోతుంది.

3. పదిహేను పేర్లను మూడుకు తగ్గించండి

ప్యాడీ, ఎస్ఎస్ఐ, సీమాస్ లాంటి శిక్షణ సంస్థల్లో ఏది గొప్పదన్న చర్చలో పడకండి. మీకు నేర్పేది ఇన్‌స్ట్రక్టర్, కార్డు మీది ముద్ర కాదు. ఆ సెంటర్ నిజంగా ఆ సంస్థలో సభ్యత్వం ఉన్నదేనా అన్నది మాత్రం చూడాలి. గోడ మీద బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. సంస్థ వెబ్‌సైట్‌లోని సెంటర్ల పట్టికలో పేరు వెతకండి. ఇన్‌స్ట్రక్టర్ సభ్యత్వ నంబర్ అడిగి తీసుకుంటే, ప్యాడీ వెబ్‌సైట్‌లో దాన్ని కొట్టి ప్రస్తుతం నేర్పడానికి అర్హత ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. నంబర్ అడిగితే మంచి ఇన్‌స్ట్రక్టర్లు నొచ్చుకోరు.

రివ్యూలు చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. అయిదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో చాలామంది జీవితంలో తొలిసారి నీటిలో దిగినవాళ్లే. వాళ్ల సంతోషం నిజమైనదే, భద్రత గురించి మాత్రం వాళ్లు సాక్ష్యం చెప్పలేరు. అందుకే కొత్తవాటి నుంచి మొదలుపెట్టి, రెండు మూడు నక్షత్రాల రివ్యూలను పూర్తిగా చదవండి. "హడావిడి", "గుంపు ఎక్కువ", "గాలి అయిపోవచ్చింది", "గైడ్ ముందుకు వెళ్లిపోయాడు" లాంటి మాటలు ఇద్దరు ముగ్గురి నోట వినిపిస్తే పేరు కొట్టేయండి. వాతావరణం బాగోలేక ట్రిప్పు రద్దు చేశారని తిట్టిన రివ్యూ కనిపిస్తే, దాన్ని ఆ సెంటర్ మంచి ఖాతాలో వేయండి.

మూడు పేర్లు మిగలాలి. ఒక్కటే మిగిల్చుకోవద్దు. తీరా అక్కడికి వెళ్లాక అది నచ్చకపోతే దారి ఉండాలి.

4. ముగ్గురికీ ఒకే మెసేజ్ పంపండి

ఫోన్ కంటే మెసేజ్ మేలు, జవాబు రాతలో ఉంటుంది. అడగాల్సినవి ఇవి:

- ఒక గైడ్‌తో ఎంతమంది దిగుతారు? అందరూ ఒకే స్థాయి వాళ్లేనా?
- మొదటి డైవ్ ఎక్కడ, ఎంత లోతు?
- ప్రతి బోటులోనూ ఆక్సిజన్ ఉంటుందా? ఎంత పెద్ద సిలిండర్?
- మేం నీటిలో ఉన్నంతసేపు బోటులో ఎవరుంటారు?
- దగ్గర్లోని రీకంప్రెషన్ చాంబర్ (డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎక్కడ, చేరడానికి ఎంతసేపు?
- కంప్రెసర్ మీదేనా? గాలిని ఆఖరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు?
- గేర్‌తో పాటు ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్ ఇస్తారా?
- వాతావరణం బాగోలేక రద్దయితే డబ్బు సంగతేమిటి?

జవాబులో చూడాల్సింది వివరం. "నలుగురికి ఒక గైడ్, కొత్తవాళ్లయితే ఇద్దరికి ఒకరు, మొదటి డైవ్ లోపలి అఖాతంలో 10 మీటర్లు" అని రాస్తే ఆ పని రోజూ చేస్తున్నవాళ్ల మాట. "కంగారు పడకండి, మాకు ఇరవై ఏళ్ల అనుభవం, ఎప్పుడూ ఏమీ జరగలేదు" అన్నది జవాబే కాదు. చాంబర్ ప్రశ్నకు తడబడినా, నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నా ఆ పేరు తీసేయండి. చాంబర్ దూరంగా ఉండటం వాళ్ల తప్పు కాదు. చాలా దీవులకు అది వందల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడికి చేర్చే దారి వాళ్లకు తెలియకపోవడమే తప్పు.

గుంపు సంఖ్య మీద కాస్త పట్టుబట్టండి. పరిచయ డైవ్‌కు ప్యాడీ నియమంలోనే సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు నలుగురు మించకూడదు. అది గరిష్ఠం మాత్రమే. నీళ్లు మసకగా ఉన్నా, ప్రవాహం ఉన్నా ఇద్దరే ఎక్కువ. కార్డు ఉన్నవాళ్ల గుంపులోనూ ఒక చిక్కుంది. కొత్తవాళ్లు గాలి త్వరగా ఖర్చు చేస్తారు. ఆరుగురిలో ఒకరి గాలి అయిపోతే ఆరుగురూ పైకి రావాలి, లేదా గైడ్ ఆ ఒక్కరినీ ఒంటరిగా పంపేయాలి. "ఎవరికైనా గాలి త్వరగా తగ్గితే ఏం చేస్తారు?" అని విడిగా అడగండి. "జోడీతో పాటు పైకి పంపుతాం, పైన బోటు కాచుకుని ఉంటుంది" అనాలి. "ఒక్కరినే పంపుతాం" అంటే వద్దు.

5. ధర చూసే పద్ధతి

తక్కువ ధర అంటే మోసం అని కాదు, ఎక్కువ ధర అంటే భద్రత అని కూడా కాదు. పోల్చేటప్పుడు మాత్రం ఒకే తూకంతో పోల్చండి. గేర్ అద్దె, కంప్యూటర్, పార్కు రుసుము, బోటు, రేవుకు రాకపోకలు కలిపిన మొత్తం ఎంతో ముగ్గురి నుంచీ తెలుసుకోండి. కొందరు డైవ్ ధర తగ్గించి చూపి ఇవన్నీ విడిగా వేస్తారు. పది డైవ్‌ల ప్యాకేజీకి ముందే మొత్తం కట్టకండి. మొదటి రోజుకు మాత్రమే అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది ఆ రోజు డైవ్ చూశాక తేల్చుకుందామనండి. పూర్తిగా కట్టేసినవాళ్లు నచ్చకపోయినా దిగుతారు, డబ్బు పోతుందని.

6. వెళ్లి కళ్లారా చూడండి

డైవ్ ముందురోజు సాయంత్రం, బోట్లు తిరిగొచ్చే వేళకు వెళ్లండి. తిరిగొచ్చిన డైవర్ల ముఖాలు చూడొచ్చు, గేర్‌ను ఎలా కడుగుతున్నారో చూడొచ్చు. "ఒకసారి చుట్టూ చూడొచ్చా?" అని అడిగితే మంచి సెంటర్‌లో వాళ్లే వెంటబెట్టుకుని తిప్పుతారు.

*కంప్రెసర్.* అన్నిటికంటే ముందు ఇదే. గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడ తెరుచుకుంటోందో వెతకండి. అది ఎత్తులో, ఆరుబయట, ఇంజిన్ పొగకు దూరంగా ఉండాలి. జనరేటర్ పక్కనో, బోట్లు ఆగే చోటో, వంటగది గోడకో ఉంటే ఆ పొగంతా సిలిండర్లలోకి వెళుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. లోతులో ఒత్తిడి పెరిగేకొద్దీ దాని దెబ్బ కూడా పెరుగుతుంది. తలనొప్పి, వికారం, మగత ఆ తర్వాతి సంగతులు. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట్ల కంప్రెసర్ ఫిల్టర్లు త్వరగా పాడవుతాయి కాబట్టి, "ఫిల్టర్ ఎన్ని గంటలకు మారుస్తారు? రిజిస్టర్ ఉందా?" అని అడగండి. గంటలు, తేదీలు రాసిన నోటు పుస్తకం గోడకు వేలాడుతుంటే చాలావరకు నిశ్చింత.

*సిలిండర్లు.* మెడ దగ్గర లోహంలో కొట్టిన అంకెలు చూడండి. నెల, సంవత్సరం ఉంటాయి. అవి నీటి ఒత్తిడితో చేసిన పరీక్ష తేదీలు. చాలా దేశాల్లో అయిదేళ్లకోసారి ఆ పరీక్ష తప్పనిసరి. లోపలి పరిశీలన అంతకంటే తరచుగా చేస్తారు, దానికి స్టిక్కర్ ఉంటుంది. 1990కి ముందు తయారైన కొన్ని అల్యూమినియం సిలిండర్లు 6351 అనే మిశ్రమలోహంతో చేసినవి. వాటికి మెడ దగ్గర పగుళ్లు వచ్చే గుణం ఉంది. అంత పాతవి కనిపిస్తే మీకు వద్దనండి.

*ఆక్సిజన్.* "ఉంది" అంటే సరిపోదు, తెరిచి చూపించమనండి. చిన్న లెక్క ఉంది. ప్రమాదంలో మాస్క్ ద్వారా నిమిషానికి 15 లీటర్లు ఇస్తారు. 2 లీటర్ల సిలిండర్ 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా నిండుగా ఉంటే 400 లీటర్లు, అంటే 26 నిమిషాలు. 5 లీటర్లదైతే 1000 లీటర్లు, అంటే గంటకు పైన. రేవుకు 50 నిమిషాల దూరంలోని సైటుకు తీసుకెళ్లే బోటులో చిన్న సిలిండర్ ఒక్కటే ఉంటే అది సగం దారిలో అయిపోతుంది. ప్రెషర్ గేజ్ చూడండి, మాస్క్ ఉందో చూడండి, తెరిచే తాళంచెవి సిలిండర్‌కే కట్టి ఉందో చూడండి. ఆ తాళంచెవి ఎక్కడో ఆఫీసు డ్రాయర్‌లో ఉండిపోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

*కడిగే తొట్లు.* గేర్‌ను మంచినీటిలో ముంచి, నీడలో ఆరేస్తున్నారా? ఎండలో ఇసుక మీద పడేసిన రెగ్యులేటర్లు (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాలు) రేపు మీ నోట్లోకి వస్తాయి. సర్వీసు రికార్డు అడగండి. రెగ్యులేటర్లను తయారీదారు చెప్పిన గడువు ప్రకారం విప్పి సర్వీసు చేయాలి.

7. ఆరోగ్య ఫారం దగ్గర జాగ్రత్త

ప్రపంచమంతా ఎక్కువగా వాడే డైవర్ ప్రశ్నావళిలో మొదట పది ప్రశ్నలుంటాయి. కొన్నిటికి "అవును" అంటే రెండో పేజీలోని వివరాలకు వెళ్లాలి, మరికొన్నిటికి నేరుగా డాక్టర్ సంతకం కావాలి. "అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేయండి, లేకపోతే ఇబ్బంది" అని కౌంటర్‌లో అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అది మీకు చేస్తున్న సాయం కాదు, బాధ్యతను మీ నెత్తిన పెట్టడం. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఇందులో ఏదున్నా ప్రయాణానికి ముందే డాక్టర్‌ను కలవండి. దీవి చేరాక డాక్టర్ దొరక్కపోతే సెలవంతా ఒడ్డునే గడుస్తుంది.

8. మీ చేతికిచ్చిన గేర్‌ను వరసగా పరీక్షించండి

ఇది బోటెక్కే ముందు, ఒడ్డున. పది నిమిషాల పని.

ముందు, రెగ్యులేటర్ బిగించకముందే, దాని మొదటి స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) లోపలికి టార్చి వేసి చూడండి. చిన్న లోహపు జల్లెడ లాంటిది కనిపిస్తుంది. అది వెండి రంగులో ఉండాలి. పచ్చగా ఉంటే లోపలికి ఉప్పునీరు వెళ్లింది. ఎర్రటి పొడి ఉంటే ఏదో స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు అందులోకి చేరింది. రెండిట్లో ఏదైనా వేరే రెగ్యులేటర్ అడగండి.

తర్వాత సిలిండర్ వాల్వును ఒక్క క్షణం తెరిచి, గాలిని తెల్ల కర్చీఫ్ మీదికి వదిలి మూసేయండి. మరక పడకూడదు. కర్చీఫ్‌ను ముక్కు దగ్గర పెట్టి చూడండి. నూనె, రబ్బరు, పొగ ఏ వాసనా ఉండకూడదు. అసలు ఏ వాసనా లేకపోవడమే మంచి గాలి వాసన.

రెగ్యులేటర్ బిగించండి, వాల్వు ఇంకా తెరవకండి. గేజ్ ముల్లు సున్నా మీద ఉందా? నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చండి. గాలి రాకూడదు. సన్నగా వస్తోందంటే ఎక్కడో చిల్లు ఉంది, అదే దారిలో కింద నీళ్లు వస్తాయి. ఆక్టోపస్ అని పిలిచే పసుపు రంగు అదనపు రెగ్యులేటర్‌ను కూడా ఇలాగే చూడండి. చాలామంది దాన్ని వదిలేస్తారు, అవసరం పడేది జోడీకి గాలి అయిపోయినప్పుడే కదా అని. ఆ అవసరం పడిన రోజు అది పనిచేయాలి.

ఇప్పుడు గేజ్ అద్దాన్ని ముఖానికి దూరంగా తిప్పి, వాల్వును పూర్తిగా తెరవండి. గేజ్‌ను చూస్తూ అయిదారు సార్లు లోతుగా పీల్చండి. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా కిందికి దిగి మళ్లీ లేస్తోందంటే వాల్వు సగమే తెరిచి ఉంది. ఈ ఒక్క తప్పు ఎలా జరుగుతుందో తెలుసుకోండి. వాల్వును పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పడం పాత అలవాటు. సాయం చేద్దామని వచ్చిన కుర్రవాడు తెరిచి ఉన్న వాల్వును తెలియక మూసి, పావు తిప్పు తెరుస్తాడు. ఒడ్డున గాలి బాగానే వస్తుంది. 15 మీటర్ల లోతులో మాత్రం పీల్చినంత రాదు. అందుకే ఎవరు ముట్టుకున్నా ఆ తర్వాత ముల్లు మళ్లీ మీరే చూసుకోండి.

ముల్లు ఎంత దగ్గర ఆగింది? 190, 200 బార్ ఉండాలి. వేడిగా నింపిన సిలిండర్ చల్లబడ్డాక పది పదిహేను బార్ తగ్గడం సహజం. 170 అంటే తక్కువ నింపినట్టు. మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లది కాబట్టి 30 బార్ తక్కువంటే 330 లీటర్ల గాలి లేనట్టే. 18 మీటర్ల లోతులో కొత్త డైవర్‌కు అది దాదాపు ఆరు నిమిషాల ఊపిరి.

బీసీడీని (గాలి నింపుకుని నీటిలో తేలడానికి వేసుకునే జాకెట్‌ను) ఉబ్బించి, దానంతట అది గాలి వదిలేదాకా నింపండి. పది నిమిషాలు అలా వదిలేసి వచ్చి నొక్కి చూడండి, గట్టిగానే ఉండాలి. గాలి నింపే బటన్‌ను నొక్కి వదిలితే వెంటనే ఆగాలి. ఉప్పు పేరుకున్న బటన్ లోపలే ఇరుక్కుంటే నీటిలో మీరు ఆపలేనంత వేగంగా పైకి లేస్తారు. గాలి వదిలే దారులన్నీ లాగి చూడండి. హోస్‌లను కొసల దగ్గర వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. మౌత్‌పీస్‌ను కొద్దిగా లాగండి, దాన్ని పట్టి ఉంచే టై ఊడిపోయి ఉంటే నీటిలో మౌత్‌పీస్ మీ పళ్ల మధ్యే ఉండి రెగ్యులేటర్ జారిపోతుంది.

నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) తీసుకునేవాళ్లు ఆక్సిజన్ శాతాన్ని అనలైజర్‌తో స్వయంగా కొలవాలి. ముందు మామూలు గాలిలో 20.9 చూపేలా సరిచేసుకోండి. 32 శాతానికి, ఆక్సిజన్ ఒత్తిడి 1.4 బార్ మించకూడదన్న లెక్కన, 33 మీటర్లు దాటకూడదు. "మేం కొలిచేశాం" అన్న మాట చాలదు.

9. బోటు మీద

నిచ్చెన, ఆక్సిజన్, రేడియో, ప్రథమ చికిత్స పెట్టె, అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు ఉన్నాయా చూడండి. అంతకంటే ముఖ్యం హాజరు. 1998 జనవరి 25న ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంటను నీటిలోనే వదిలేసి బోటు వెళ్లిపోయింది. లెక్క తప్పింది. వాళ్లు లేరని గుర్తించేసరికి రెండు రోజులైంది, వాళ్లు మళ్లీ దొరకలేదు. తలలు లెక్కపెడితే తప్పొచ్చు. పేరు పిలిచి, ఆ మనిషి తానే జవాబు చెప్పేదాకా చూసి టిక్ పెట్టాలి. దిగే ముందు ఒకసారి, కదిలే ముందు ఒకసారి. అలా చేయకపోతే "అందరూ ఎక్కారా? పేర్లు పిలవండి" అని మీరే అడగండి.

దిగే ముందు గైడ్ ఇచ్చే బ్రీఫింగ్‌లో ఇవి వినిపించాలి: గరిష్ఠ లోతు, సమయం, ప్రవాహం ఎటు, ఎంత గాలి మిగిలినప్పుడు వెనక్కి తిరగాలి, జోడీ తప్పిపోతే ఒక నిమిషం వెతికి పైకి రావడం, సైగలు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల ఆగుడు (సేఫ్టీ స్టాప్), బోటెక్కేసరికి కనీసం 50 బార్ మిగలడం. "నా వెనకే రండి" అన్న ఒక్క మాటతో ముగిస్తే అది బ్రీఫింగ్ కాదు. గైడ్ దగ్గర సొంత కంప్యూటర్, ఎస్ఎంబీ ఉన్నాయా చూడండి. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు పంచుకోవడం కుదరదు, ఎవరి లోతు వాళ్లది.

బోటు లంగరు పగడాల మీద పడుతోందా, తేలియాడే బోయకు కడుతున్నారా అన్నది కూడా చూడండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2004లో మొదలుపెట్టిన గ్రీన్ ఫిన్స్ ప్రవర్తనా నియమాల్లో చేర్చినవి ఇలాంటివే: పగడాలపై కాలు మోపొద్దు, జీవులను తాకొద్దు, చేపలకు మేత వేయొద్దు. ఫొటో కోసం ఆక్టోపస్‌ను బొరియలోంచి కెలికి తీసే గైడ్ చూపు మీ గేజ్ మీద ఉండదు.

10. మొదటి డైవ్ అయ్యాక లెక్క చూసుకోండి

మీ కంప్యూటర్ చెబుతుంది. చెప్పిన లోతు దాటారా? పైకి వచ్చిన వేగం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు, అంటే 18 నుంచి 5 మీటర్లకు రావడానికి దాదాపు నిమిషంన్నర పట్టాలి. సేఫ్టీ స్టాప్ మూడు నిమిషాలూ నిలిచారా? గైడ్ మధ్యలో మీ గాలి ఎంతుందని ఎన్నిసార్లు అడిగాడు? ఒక్కసారీ అడగకపోతే రెండో డైవ్ ఆలోచించండి.

తలనొప్పి ఒక్కరికే వస్తే బిగుతైన మాస్క్, ఊపిరి బిగబట్టడం, నీళ్లు తాగకపోవడం కారణం కావచ్చు. ఒకే బ్యాచ్ సిలిండర్లతో దిగిన ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం కలిసి వస్తే గాలినే అనుమానించండి, రెండో డైవ్ ఆపేయండి. కీళ్ల నొప్పి, తిమ్మిరి, మామూలుగా లేని నీరసం కనిపిస్తే ఆక్సిజన్ ఇచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. దాన్ని "సముద్రం పడలేదు" అని కొట్టిపారేసే ఆపరేటర్ దగ్గర ఇక దిగకండి.

కోర్సు చేయాలనుకుంటే, లైవ్‌అబోర్డ్ ఎక్కాలనుకుంటే

ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి, వాటికి ముందు నిలకడ నీటిలో సాధన ఉంటుంది. మూడు నాలుగు రోజులు పడుతుంది. "ఒకటిన్నర రోజులో కార్డు" అంటే ఏదో కోసేస్తున్నారు.

రాత్రులు కూడా బోటులోనే గడిపే లైవ్‌అబోర్డ్‌లో నిప్పు పెద్ద భయం. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో ఒక డైవ్ బోటు తగలబడి 34 మంది చనిపోయారు. ఆ రాత్రి తిరుగుతూ కాపలా కాసేవాళ్లు లేరని దర్యాప్తులో తేలింది. బుక్ చేసే ముందు రాత్రి కాపలా ఉంటుందా, పడక గదుల నుంచి బయటపడే దారులు రెండు ఉన్నాయా, బ్యాటరీలు ఎక్కడ చార్జ్ చేస్తారు అని అడగండి. ఎక్కిన రోజే రెండో దారిని చీకట్లో తడుముకుంటూ ఒకసారి వెళ్లి చూడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

- హోటల్ వాళ్లు చెప్పిన సెంటర్‌కే వెళ్లడం. మంచిదే కావచ్చు, కమీషన్ కూడా కావచ్చు. పై పరీక్షలన్నీ దానికీ వర్తిస్తాయి.
- డైవ్‌ల సంఖ్య ఎక్కువ చేసి చెప్పడం. ఇరవై చేశామని చెబితే ఇరవై చేసినవాళ్ల గుంపులో వేస్తారు.
- ఆఖరి రోజు డైవ్ పెట్టుకోవడం. ఒకే డైవ్ చేస్తే విమానానికి కనీసం 12 గంటలు, వరసగా చాలా డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. ఒక పూర్తి రోజు వదిలేస్తే లెక్కే అక్కర్లేదు. మీ విమానం వేళ తెలిసి కూడా ఉదయం డైవ్ అమ్మజూపే సెంటర్‌ను నమ్మకండి.
- బోటు మీద అనుమానం వచ్చినా, అందరూ ఎదురుచూస్తున్నారని దిగేయడం.

ఈ ఆఖరిదానికి ఒక మాట ముందే నోటికి తెచ్చుకుని ఉంచుకోండి: "ఈ డైవ్ నేను చేయను, బోటులోనే ఉంటాను." కారణం చెప్పక్కర్లేదు. డైవ్‌ను ఎవరైనా, ఎప్పుడైనా, దిగిన తర్వాత కూడా ఆపేయవచ్చన్నది శిక్షణ సంస్థలన్నీ నేర్పే నియమం. మంచి గైడ్ "సరే" అని మీ సిలిండర్ మూసి పక్కన పెడతాడు. బతిమాలినా, ఎగతాళి చేసినా, ఒడ్డుకు చేరాక మీ జాబితాలోని రెండో పేరుకు ఫోన్ చేయండి.